కాశీలో వదిలేసిన చేప

పోయినవారం మా అమ్మాయిని దాని క్లాస్‌మేట్ పుట్టినరోజు పార్టీలో దింపడానికి వెళ్ళాను. లీడ్స్ శివార్లలో కొత్తగా లేచిన ఇళ్ళు. అన్నిటికీ ఒకే రంగు తలుపులు, ముందు ఒకే కొలత గడ్డి ముక్క. వీధి బోర్డు చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆ వీధికి మా చిన్నప్పటి చెరువు పేరు పెట్టారు. చెరువుని పూడ్చేసి పేరొక్కటీ బోర్డు మీద ఉంచుకున్నారు. ఒళ్ళు మండింది నాకు.

అప్పుడే వాన వెలిసింది. ఆ ఇంటి పెరట్లో ఒక మూల నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎంత మట్టి పోయించినా అక్కడ తడి ఆరడం లేదని ఇంటావిడ విసుక్కుంటోంది. నాచు, కుళ్ళిన ఆకులు, మెత్తటి నల్ల బురద. ఆ వాసన నాకు తెలుసు. పిల్లలందరూ కేకు చుట్టూ అరుస్తుంటే నేను ఆ మూల పిచ్చిదానిలా నిలబడిపోయాను. అటూ ఇటూగా అక్కడే మా అమ్మమ్మ గాలం వేసుకుని కూర్చునేది.

అమ్మమ్మది కొల్లేటి పక్క ఊరు. తాతయ్య పోయిన ఏడాదికి అమ్మ పట్టుబట్టి ఆవిణ్ణి ఇక్కడికి తెచ్చేసుకుంది. పెద్దవాళ్ళని తెచ్చుకుని ఉంచుకోవడానికి ఆ రోజుల్లో ఇంకా వీలుండేది. అమ్మ హాస్పిటల్లో నర్సు. అక్కడ డ్యూటీల రోటా ఎలా రాస్తే మా ఇంట్లో తిండీ నిద్రా పండగా అలా నడిచేవి. నాన్న పొద్దున్నే సిటీలో ఆఫీసుకి పోతే చీకటి పడ్డాకే రావడం. నాకప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. తెలుగు అర్థమయ్యేది గాని నోరు తెరిస్తే ఇంగ్లీషే వచ్చేది. అమ్మమ్మ తెలుగులో అడిగేది, నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని, ఎలాగో ఇద్దరికీ సరిపోయేది.

ఆవిడ వచ్చింది నడి చలికాలంలో. రెండు స్వెట్టర్లు, తలకి మఫ్లరు, కాళ్ళకి నాన్న మేజోళ్ళు వేసుకుని కిటికీ దగ్గర కూర్చునేది.

"ఇదేం ఊరే తల్లీ! పొద్దున చూస్తే చీకటి, సాయంత్రం చూస్తే చీకటి. ఇక్కడ సూర్యుడికి కూడా రోటాయేనా?" అనేది.

నవ్వించడానికి అన్న మాటే గాని ఆవిడ నవ్వేది కాదు. అన్నం కెలికి వదిలేసేది. అమ్మకి అదే బెంగ. మార్కెట్టుకెళ్ళి చేపలు తెస్తానంటే అమ్మమ్మ తల అడ్డంగా ఊపేది. "వదిలేశాను కదే" అనేది.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన తిండి ఒకటి గంగలో వదిలేసి రావాలని, ఇక బతికున్నంత కాలం దాన్ని ముట్టకూడదని మా వాళ్ళ ఆచారం. చాలామంది ఇందులో కూడా తెలివి చూపిస్తారు. మా పెద్దమామయ్య కాకరకాయ వదిలేసి వచ్చాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ తిన్నది ఎవరూ చూడలేదు. అమ్మమ్మకి అలాంటి దొంగ లెక్కలు తెలీవు. తాతయ్య అస్థికలు కలపడానికి వెళ్ళి చేపని వదిలేసింది. కొల్లేటి గట్టున పుట్టిన మనిషి, చేప లేకపోతే ముద్ద దిగని మనిషి! "ఆయనే లేకపోయాక ఇంకెవరి కోసం వండుతాను, నేనొక్కదాన్నీ ఏం తింటాను" అందట.

ఏప్రిల్లో కాస్త ఎండ వచ్చింది. స్కూలు నుంచి వచ్చాక అమ్మమ్మని నడిపించడం నా పని. ఒకరోజు అలాట్‌మెంట్ల వెనక సందులోకి వెళ్ళాం. అవి కౌన్సిల్ వాళ్ళిచ్చే కూరగాయల మళ్ళు. వాటి చివర ముళ్ళపొద దాటగానే చిన్న చెరువు. గట్టున పచ్చ గొడుగుల కింద ముసలాళ్ళు, పెట్టెల మీద కూర్చుని, కర్రలు నీళ్ళ మీదకి చాపి, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు.

అమ్మమ్మ ఆగిపోయింది. మఫ్లరు తీసి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఓసి నీ దుంపతెగ! ఇంత దగ్గర్లో చెరువు పెట్టుకుని నన్ను ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టారా మీరు?" అంది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

అంతలో మా దగ్గర్లో ఒకాయన బెండు మునిగింది. కర్ర ఎత్తాడు. పచ్చటి ఒళ్ళు, నల్ల చారలు, ఎర్రటి రెక్కలు. పెర్చ్. అమ్మమ్మ "లాగు లాగు, వదలకు" అని తెలుగులోనే అరిచింది. ఆయన గాలం జాగ్రత్తగా తీసి, చేపని రెండు చేతుల్లో పట్టుకుని, పసిపిల్లకి స్నానం చేయించినట్టు నీళ్ళలోకి దింపి వదిలేశాడు.

అమ్మమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. పక్కాయనా పట్టాడు, వదిలేశాడు. ఆ పక్కాయనా అంతే. నేను గట్టు మీదున్న బోర్డు చదివి చెప్పాను. ఇది క్లబ్బు వాళ్ళ చెరువు, పట్టిన చేప ఎంతదైనా నీళ్ళలోకే, ఇంటికి తీసుకెళ్ళకూడదు.

ఆవిడ వంగి నా చెవిలో మెల్లిగా అడిగింది.

"వీళ్ళందరూ కూడా కాశీ వెళ్ళొచ్చారంటావా?"

ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెప్పుకుని నవ్వింది. ఈ దేశం వచ్చాక ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు. ఆ రాత్రి మారు అన్నం పెట్టించుకుంది కూడా.

మర్నాడే పెరట్లో చిక్కుడుతీగకి పాతిన వెదురు పుల్ల పీకి, నా స్కూలు కుట్టుపెట్టెలోంచి దారం తీసి గాలం కర్ర తయారుచేసింది. సూదిని పొయ్యి మీద కాల్చి వంచి, కొన దగ్గర చీల్చి ముల్లు తీసింది. దాన్నట్టుకుని చీర మీద నాన్న పాత కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లతో ఊరేగింపుగా బయల్దేరింది. గట్టు మీద అరగంట కూడా కాలేదు, క్లబ్బు పెద్ద వచ్చేశాడు. నీలం టోపీ, తెల్ల మీసాలు, పొడుగు మనిషి. టిక్కెట్టు లేదు, లైసెన్సు లేదు, పైగా ఇదేం గాలం అన్నాడు. నన్ను 'లవ్' అని పిలిచాడు, అమ్మమ్మనీ అలాగే పిలిచాడు. ఈ ఊళ్ళో బస్సు డ్రైవర్లు కూడా అలాగే పిలుస్తారని చెప్తే అమ్మమ్మ మూతి తిప్పింది. "పళ్ళు ఊడే వయసులో సరసం" అంది. దాన్ని నేను ఆయనకి చెప్పలేదు.

నాన్న తల పట్టుకున్నాడు. "అత్తయ్యగారూ, ఇక్కడ అన్నిటికీ రూల్సుంటాయండి. మీరిలా వెళ్ళి కూర్చుంటే మన పరువేం కావాలి?"

"చేపలు పడితే పోయే పరువైతే పోనివ్వండి అల్లుడుగారూ" అంది అమ్మమ్మ.

అమ్మ మాత్రం మర్నాడు పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు, క్లబ్బు నుంచి ఇద్దరికీ టిక్కెట్లు తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. ఆ క్లబ్బు పెద్దే, అప్పట్నుంచి మాకు టోపీ తాత, ఒక పాత కర్ర ఇచ్చాడు. దాని గాలానికి ముల్లు లేదు. చేప నోరు చిరక్కూడదని ఇక్కడ నున్నటి గాలాలే వాడాలి. "ముల్లు లేని గాలమేంటే, పిడి లేని కత్తిలాగ" అని అమ్మమ్మ సణిగింది గాని వారం తిరిగేసరికి ఆ చెరువులో అందరికన్నా ఎక్కువ ఆవిడే పట్టింది.

ఆ ఎండాకాలం రాత్రి తొమ్మిదైనా వెలుగు పోయేది కాదు. డబ్బాలో పులిహోర, జంతికలు, టోపీ తాత ఫ్లాస్కులో చిక్కటి టీ. ఆయన పులిహోరలో మిరపకాయని చిక్కుడుకాయ అనుకుని నమిలేసి, కళ్ళ నీళ్ళు కారుతున్నా "వెరీ నైస్" అన్నాడు. ఎరకి అందరూ పురుగులు కొనుక్కొస్తే అమ్మమ్మ గోధుమపిండిలో తవుడు, ఇంగువ కలిపి ఉండలు చేసేది. కార్ప్ చేపలు ఆ ఇంగువకి ఎగబడేవి. అందులో ఏం కలుపుతారో చెప్పమని టోపీ తాత నన్ను బతిమాలేవాడు.

"చెప్పావంటే నాలిక కోస్తా" అనేది అమ్మమ్మ.

నేను ఆయనకి, అది ఒక దేవుడి ప్రసాదం, పేరు పలకకూడదు అని చెప్పాను. ఆయన నమ్మి టోపీ తీశాడు. ఇంట్లో అమ్మ మాత్రం ఇంగువ డబ్బా ఎన్నిసార్లు కొన్నా అయిపోతోందేంటని ఆశ్చర్యపోయేది. నా స్కూలు కోటు జేబులో ఆ ఉండలు మర్చిపోయి, టీచరు క్లాసు కిటికీలన్నీ తెరిపించిన రోజూ ఉంది.

పెర్చ్ అంటే అమ్మమ్మకి ప్రాణం. దానికి పిండి పనికిరాదు, ఎర్రలు కావాలి. అలాట్‌మెంట్లలో ఎరువుకుప్ప కింద తవ్వి వానపాములు తీసి నా అరచేతిలో పెట్టేది. చేప వీపు మీది ముల్లు గుచ్చుకోకుండా తల వైపు నుంచి తోకకి ఎలా నిమరాలో నాకు నేర్పింది. నీళ్ళలోకి వదిలేముందు దాన్ని ఒక్క క్షణం పట్టుకుని చూసేది. "పులుసు పెడితే ఉంటుందే..." అనేది. "పోనీలే, చేతికందింది నోటికందే రాత లేదు. పో నాయనా, నువ్వైనా సుఖంగా ఉండు" అని వదిలేసేది. నేను నోరు విప్పి తెలుగు మాట్లాడ్డం మొదలుపెట్టింది ఆ గట్టు మీదే.

సెప్టెంబరులో ఆకులు రంగు మారుతున్నప్పుడు అమ్మమ్మ నన్ను అమ్మ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. మొదట్లో నవ్వుకున్నాం. చెప్పిన కథే మళ్ళీ చెప్పేది. చారులో ఉప్పు వేసి మళ్ళీ వేసేది. ఒకరోజు భోజనాల దగ్గర కంచం ముందు కూర్చుని, "మీ నాన్నేరే? పొలం నుంచి ఇంకా రాలేదేం?" అని అడిగింది అమ్మని.

అమ్మ చెంచా కింద పెట్టేసింది. "అమ్మా, నాన్న పోయారు కదమ్మా" అంది మెల్లిగా.

అమ్మమ్మ మొహం నేను మర్చిపోలేను. ఆ కబురు అప్పుడే, ఆ నిమిషమే అందినట్టు గుండెలు బాదుకుంది. ఎప్పుడు, ఎలా, నాకెవరూ చెప్పలేదేం, నేను ఆఖరి చూపు చూశానా అని అడిగింది. అమ్మ ఒళ్ళో పడుకుని తెల్లార్లూ ఏడ్చింది. పొద్దున లేచి కాఫీ తాగుతూ, "మీ నాన్న లేచారా?" అంది.

అమ్మ నర్సు. ఎందరి అమ్మల్నో అలా చూసిన మనిషి. జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన చెప్పాల్సిందంతా అమ్మకి ముందే తెలుసు. ఆ క్లినిక్కు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూలబడింది. నన్ను దగ్గరికి పిలిచి, "ఇంకెప్పుడూ అమ్మమ్మకి ఆ మాట చెప్పకూడదు, తెలిసిందా? ఎన్నిసార్లు ముండమోయిస్తాం దాన్ని?" అంది. ఆ మాటకి అర్థం నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. చెప్పకూడదని మాత్రం తెలిసింది.

అక్టోబరు చివర, గడియారాలు వెనక్కి తిప్పాక, నాలుగింటికే మసక పడేది. చెరువు మీద ఆకులు పరుచుకుని బెండు సరిగా కనిపించేది కాదు. గొడుగుల కింద ఒకరిద్దరే ఉన్నారు. అమ్మమ్మకి ఆ రోజు పెద్ద పెర్చ్ పడింది, నా ముంజేయంత ఉంది. గాలం తీసింది. నీళ్ళ వైపు వంగలేదు. అటూ ఇటూ చూసి, మఫ్లరులో చుట్టి, కోటు లోపల పెట్టేసుకుంది.

"అమ్మమ్మా, రూలు!" అన్నాను.

"నోర్మూసుకో. మీ తాతయ్య వచ్చే వేళయింది. పద" అంది.

దారంతా ఆ కోటు లోపల చేప కొట్టుకుంటూనే ఉంది. నాకు భయం ఒక పక్క, సరదా ఒక పక్క. పెరట్లో పలక రాయి మీద దాన్ని బరబరా రుద్దితే పొలుసులు నా జుట్టులోకి ఎగిరాయి. గ్యాసు కట్టాలని గుర్తుండని మనిషికి ఆ పులుసులో ఒక్కటీ మర్చిపోవడం లేదు. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించింది. మెంతులు వేయించి నూరింది. చింతపండు పిసికి, ఉల్లిపాయలు మగ్గించి, పులుసు తెర్లాక ముక్కలు ఒక్కొక్కటీ జారవిడిచింది. నేను గరిటె తీసుకుంటే చేతి మీద ఒక్కటేసింది. "చేపల పులుసులో గరిటె పెడతారంటే ఎర్రిమొహమా? ముక్క చితికిపోదూ?" అని గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పింది.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఆ వాసన. తలుపు తీసిన చోటే నిలబడిపోయింది. పెళ్ళై పుట్టిల్లు వదిలాక అమ్మకి ఆ వాసన ఎప్పుడు తగిలిందో మరి. ఒక్క క్షణం ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. తరవాత గుర్తొచ్చినట్టుంది, రంగు మారిపోయింది.

బల్ల మీద కంచాలు పెట్టి ఉన్నాయి. తాతయ్యకొకటి. అమ్మమ్మ తనకి వడ్డించుకుని పులుసు కలుపుకుంటోంది.

"అమ్మా! ఆగు!" అంది అమ్మ. "నువ్వు చేప తినవు కదమ్మా. వదిలేశావు."

"వదిలేశానా? ఎక్కడ?"

"కాశీలో."

అమ్మమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అమ్మ మొహంలోకి చూసింది. "కాశీకి ఎందుకెళ్ళాను నేను? ఎప్పుడెళ్ళాను?"

అమ్మ నోరు తెరిచింది. ఎందుకెళ్ళిందో చెబితే ఎవరి అస్థికలో చెప్పాలి. చెప్పకపోతే ఆ ముద్ద నోట్లోకి పోతుంది. తెలివిలో ఉన్న అమ్మమ్మ ప్రాణం పోయినా తిననిది ఆ ముద్ద. గంగలో నిలబడి తాతయ్య పేరు మీద వదిలింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"నీకేదో మతి తప్పిందే" అంది అమ్మమ్మ. "డ్యూటీలు చేసీ చేసీ. రా, కూర్చో."

"అవునమ్మా, తప్పింది" అంది అమ్మ. "నువ్వు తిను. చల్లారిపోతుంది."

అమ్మమ్మ తింది. ముల్లు నాలికతో తీసి కంచం అంచున పెడుతూ, వేళ్ళు నాకుతూ తింది. నడిముక్క తీసి తాతయ్య కంచంలో పెట్టింది. తల నాకిచ్చింది. అమ్మ ఒక్క మెతుకు ముట్టకుండా ఎదురుగా కూర్చుని చివరిదాకా చూసింది. ఆ తరవాత బట్టలు ఆరేయాలని పెరట్లోకి వెళ్ళింది. ఆరేయడానికి బట్టల్లేవు, బయట సన్నగా వాన పడుతోంది. ఎంతసేపటికీ లోపలికి రాలేదు.

మర్నాడు టోపీ తాత వచ్చాడు. ఎవరో చూసి చెప్పారట. నాన్న గుమ్మంలోనే "సారీ, సారీ" అంటున్నాడు. వంటింట్లోంచి అమ్మమ్మ తొంగిచూసి, చుట్టం వచ్చాడనుకుని, మిగిలిన పులుసు ప్లేటులో వేసి తెచ్చింది. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది మరి. "పెట్టు, మొహమాటపడతాడు" అని నన్ను పొడిచింది. జీవితమంతా ఆ చెరువు చేపల్ని కాపలా కాసిన మనిషి ఆ ప్లేటు వైపు చూశాడు. అమ్మ ఇంగ్లీషులో రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, నిలబడే తిన్నాడు. ప్లేటు ఖాళీ చేశాడు. వెళ్తూ, కమిటీలో తను మాట్లాడి చూస్తానన్నాడు.

మాట్లాడాడట. కమిటీ ఒప్పుకోలేదు. టిక్కెట్లు రద్దయ్యాయి. రూలు రూలే కదా. కర్ర మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు.

అమ్మమ్మ మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చేసింది. చెరువుకి వెళ్దామని అడిగేది, వాన పడుతోందని చెప్పేవాళ్ళం. చెరువు మీద మంచు గడ్డకట్టింది. మంచు కరిగేలోపే ఆవిడ పోయింది. ఆఖర్లో నన్ను ఎవరనుకుందో తెలీదు గాని, నా అరచేయి పట్టుకుని తల నుంచి తోక వైపుకి నిమిరినట్టు నిమిరేది.

ఆవిడ అస్థికలు అమ్మా నాన్నా నేనూ కాశీ తీసుకెళ్ళాం. తాతయ్యని కలిపిన చోటే కలిపాం. అంతా అయ్యాక పంతులుగారు ఏమేం వదులుతారని అడిగాడు. నాన్న సిద్ధంగానే ఉన్నాడు, సొరకాయ అన్నాడు. అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చేప, అంది. నాన్న గిరుక్కున తిరిగి చూశాడు. అమ్మకి చేపంటే ఎంత ఇష్టమో ఆయనకి తెలుసు.

పార్టీ నుంచి వచ్చేటప్పుడు మార్కెట్టులో ఆగి చేప కొన్నాను. పులుసు పెట్టాను, గరిటె పెట్టకుండా. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మేం తింటుంటే తను పప్పన్నం కలుపుకుని పక్కన కూర్చుంది. మా అమ్మాయి దాని యాసలో, వచ్చీరాని తెలుగులో అడిగింది, "అమ్మమ్మా, నువ్వెందుకు ఫిష్ తినవు?"

అమ్మ దాని కంచంలోంచి ముల్లు ఏరి అంచున పెట్టింది.

"నా వాటా మా అమ్మ తినేసిందే" అంది.